ప్రాగ్ నుంచి చలికాలపు ఒక్కరోజు ప్రయాణాలు: వెలుతురును లెక్కగట్టి ప్లాను వేసుకునే పద్ధతి

చెక్ రాజధాని ప్రాగ్‌కు డిసెంబరు, జనవరి నెలల్లో వచ్చే తెలుగువాళ్లు చాలామందే ఉంటున్నారు. జర్మనీలో చదువుకునే విద్యార్థులు క్రిస్మస్ సెలవుల్లో వస్తారు. యూరప్‌లో ఉద్యోగాలు చేస్తున్న పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులూ ఉంటారు. చార్లెస్ వంతెన, కోట, పాత పట్టణ కూడలి చూడటానికి రెండు మూడు రోజులు సరిపోతాయి. ఆ తరువాత చుట్టుపక్కల ఊళ్లు చూడాలనిపించడం సహజం. వేసవి కోసం రాసిన పట్టికను పట్టుకుని చలికాలంలో బయలుదేరితే మాత్రం మూసిన కోట తలుపుల ముందు, చీకట్లో నిలబడవలసి వస్తుంది. చలికాలానికి లెక్క వేరు. కిలోమీటర్ల సంగతి తరువాత, ముందు వెలుతురు ఎంతసేపు ఉంటుందో చూడాలి. ఈ మార్గదర్శి అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

మొదటి మెట్టు: పగటిని లెక్కపెట్టడం

డిసెంబరు 21 ప్రాంతంలో ప్రాగ్‌లో సూర్యోదయం సుమారు ఉదయం 8 గంటలకు, సూర్యాస్తమయం సాయంత్రం 4 దాటగానే. అంటే పగలు 8 గంటలే. అదే రోజు హైదరాబాద్‌లో పగలు 11 గంటలుంటుంది. పైగా ప్రాగ్ 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి ఆ రోజుల్లో నడినెత్తిన ఎండ అన్నమాటే ఉండదు. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 16, 17 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. ఇరుకు వీధుల్లోకి ఎండ దిగదు. మబ్బు పట్టిందంటే మూడు గంటలకే సందె చీకటి కమ్ముకుంటుంది.

కాబట్టి ప్లాను వెనక నుంచి ముందుకు వేయండి. ముందుగా సూర్యాస్తమయ సమయం రాసుకోండి. ఆరుబయట చూడవలసినవన్నీ దానికి కనీసం అరగంట ముందే ముగిసేలా పెట్టుకోండి. మ్యూజియం, భోజనం, బజారు వంటివి చీకటి పడ్డాక చూసుకోవచ్చు. ప్రయాణంలో ఒక భాగమైనా చీకట్లోనే జరగాలి: తెల్లవారక ముందే బయలుదేరడమో, చీకటి పడ్డాక తిరుగు రైలు ఎక్కడమో. వెలుతురంతా బస్సు కిటికీలోంచి చూస్తూ గడిపేస్తే ఊళ్లో చూడటానికి ఏమీ మిగలదు.

నా కొలమానం ఇది: డిసెంబరు, జనవరి నెలల్లో ఒకవైపు ప్రయాణం రెండున్నర గంటలు దాటే ఊరిని ఒక్కరోజు పట్టికలోంచి తీసేయాలి. ఫిబ్రవరి చివరికి సూర్యుడు ఐదున్నర దాటాక గానీ అస్తమించడు కాబట్టి అప్పుడు కాస్త సడలించుకోవచ్చు.

ఈ కొలమానంతో ముందుగా పోయేది చెస్కీ క్రుమ్లోవ్. ఆ ఊరు అందమైనదే. 1992 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, నది మెలికలో ఒదిగిన కోట, ఎర్ర పెంకుల ఇళ్లు చూసి తీరవలసినవే. కానీ ప్రాగ్ నుంచి బస్సులో దాదాపు మూడు గంటలు పడుతుంది. రానూపోనూ ఆరు గంటలు ప్రయాణానికే పోతాయి, పైగా కోట లోపలి గదుల సందర్శన చలికాలంలో ఉండదు. వెళ్లాలనుకుంటే రాత్రి అక్కడే బస చేయండి. పర్యాటకుల బస్సులు వెళ్లిపోయాక, దీపాల వెలుగులో ఆ వీధుల్లో నడవడం కోసమైనా ఒక రాత్రి ఉండదగిన ఊరు.

రెండో మెట్టు: ఏది తెరిచి ఉంటుందో తెలుసుకోవడం

చెక్ దేశంలోని చాలా కోటలు, భవంతులు నవంబరు నుంచి మార్చి దాకా మూతపడతాయి, లేదంటే శని, ఆదివారాల్లో మాత్రమే తెరుస్తారు. లోపల వేడి చేసే ఏర్పాటు లేని పాత గదులు, వాటిలోని బల్లలు, వస్త్రాలు, చిత్రాలు చలికాలంలో సందర్శకుల తాకిడిని తట్టుకోలేవు. ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడు ఆర్చ్‌డ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్ నివసించిన కోనోపిష్టే కోట డిసెంబరు నుంచి మార్చి దాకా మూసే ఉంటుంది. రైలులో 40 నిమిషాల దూరంలో ఉన్న కార్ల్‌ష్టైన్ కోట పూర్తిగా మూసేయరు కానీ జనవరి, ఫిబ్రవరిలో తెరిచే రోజులు బాగా తగ్గిపోతాయి. నాలుగో చార్లెస్ చక్రవర్తి 1348లో మొదలుపెట్టిన ఈ కోటలో అసలు చూడవలసినది పవిత్ర శిలువ ప్రార్థనా మందిరం. దాని సందర్శన వెచ్చని నెలల్లోనే ఉంటుంది. స్టేషను నుంచి కోట దాకా అరగంట ఎత్తు ఎక్కాలి, దారి పక్క దుకాణాలు సగం మూసి ఉంటాయి. మంచు కురిసిన మర్నాడు, ఎండ కాస్తున్న రోజున, బయటి నుంచి కోటను చూసి వచ్చేద్దామనుకుంటే సగం పూటలో ముగుస్తుంది. అంతకు మించి ఆశించవద్దు.

సోమవారం చాలా కోటలకు, మ్యూజియంలకు సెలవు. డిసెంబరు 24, 25, 26, జనవరి 1 ప్రభుత్వ సెలవులు. 24 మధ్యాహ్నం నుంచి, 25, 26, జనవరి 1 తేదీల్లో పెద్ద దుకాణాలు చట్టప్రకారం మూసే ఉండాలి. 24 సాయంత్రం చెక్ కుటుంబాలకు ఇంట్లో గడిపే పండగ పూట. ఆ రోజు ఊరు దాటే ప్రయాణం పెట్టుకోకండి. రైళ్లు, బస్సులు తగ్గిపోతాయి, అన్నం దొరకడమూ కష్టమే. ఈ తేదీల్లో ప్రాగ్‌లోనే ఉండి వీధులు తిరగడం ఉత్తమం.

వెళ్లే చోటు సొంత వెబ్‌సైటులో, ఆ నెలకు సంబంధించిన పనివేళలను, ఆఖరి ప్రవేశ సమయాన్ని చూడండి. మ్యాపుల్లో కనిపించే వేళలు చాలాసార్లు వేసవివే అయి ఉంటాయి. ఆఖరి ప్రవేశం మూసే సమయానికి అరగంటో గంటో ముందే ముగుస్తుందని గుర్తుంచుకోవాలి.

మూడో మెట్టు: ఊరిని ఎంచుకోవడం

ఒక్క ప్రయాణానికే వీలుంటే కుట్నా హోరాకు వెళ్లండి. చలికాలానికి అంతకన్నా బాగా కుదిరే ఊరు ప్రాగ్ చుట్టుపక్కల లేదు. రైలులో సుమారు గంట. చూడవలసినవి దాదాపు అన్నీ పైకప్పు కిందే ఉన్నాయి, చలికాలంలోనూ తెరిచి ఉంటాయి. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

చలిని తప్పించుకోవడం కాక, చలి వల్లనే అందం పెరిగే ఊరు కావాలంటే కార్లోవీ వారీ. వేడి నీటి ఊటల ఊరు. ఇక్కడికి రైలు వద్దు, చుట్టు తిరిగి మూడు గంటలకు పైనే పడుతుంది. ఫ్లోరెంత్స్ బస్ స్టేషను నుంచి బస్సులో రెండుంబావు గంటల్లో చేరుకోవచ్చు. వ్‌రీడ్లో అనే పెద్ద ఊట 70 డిగ్రీలు దాటిన వేడితో, 12 మీటర్ల దాకా ఎగసిపడుతుంది. బయట సున్నా డిగ్రీలు ఉన్నప్పుడు ఊటల దగ్గర, నది మీద లేచే ఆవిరి వేసవిలో కనిపించదు. యోసెఫ్ జీటెక్ రూపకల్పనలో 1881కి పూర్తయిన మిల్ కొలొనేడ్ కింద, రాతి స్తంభాల వరుస మధ్య నడుస్తూ జనం ఊటనీళ్లు తాగుతారు. అందుకోసం అమ్మే పింగాణీ కప్పు చూడండి: చెంబులా బొద్దుగా కాక పలచగా ఉంటుంది, పిడి లోపల బోలుగా ఉండి పైకి ముక్కులా వస్తుంది. నీళ్లను కప్పు అంచు నుంచి కాక ఆ పిడిలోంచి పీలుస్తారు. గొట్టంలోంచి వచ్చేసరికి వేడి కాస్త తగ్గుతుంది. నీళ్లు ఉప్పగా, ఇనుము రుచితో ఉంటాయి. ఊటల దగ్గర ఉచితంగానే పట్టుకోవచ్చు కానీ రెండు మూడు గుక్కలు చాలు, ఎక్కువ తాగితే విరేచనాలు పట్టుకుంటాయి. ఈ ఊరికి చీకటి పెద్ద అడ్డంకి కాదు, సాయంత్రం దీపాలు వెలిగాక కొలొనేడ్లు ఇంకా బాగుంటాయి. అందుకే దూరమైనా దీనికి నా లెక్కలో చోటుంది.

డ్రెస్డెన్ జర్మనీలో ఉంది, రైలులో రెండుంబావు గంటలు. డిసెంబరులో వెళ్లేవాళ్లకు స్ట్రీత్సెల్‌మార్క్ట్ అనే క్రిస్మస్ బజారు ప్రధాన ఆకర్షణ. అది 1434 నుంచి ఉన్నది. సాధారణంగా డిసెంబరు 24తో ముగుస్తుంది, ప్రాగ్ బజారులా జనవరి మొదటివారం దాకా సాగదు. 27న వెళ్లి వెతికితే ఖాళీ మైదానం కనిపిస్తుంది. ఉదయం రైలులో కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. పట్టాలు నదికి ఎడమ ఒడ్డున నడుస్తాయి కాబట్టి ఎల్బే నది, డెచీన్ దాటాక వచ్చే ఇసుకరాతి కొండలు కుడివైపే కనిపిస్తాయి. ఆ దారిని తప్పకుండా వెలుతురులోనే చూడాలి. తిరుగు ప్రయాణం చీకట్లో జరిగినా నష్టం లేదు. పగలు రఫాయేల్ గీసిన సిస్టీన్ మడోన్నా ఉన్న చిత్రశాలనో, రాజప్రాసాదంలోని నిధుల మ్యూజియాన్నో చూసి, సాయంత్రం బజారుకు రండి. చిత్రశాల సోమవారం, రాజప్రాసాదం మంగళవారం మూస్తారు. చెక్, జర్మనీ రెండూ షెంగెన్ (సాధారణంగా సరిహద్దు తనిఖీలు లేని) దేశాలే అయినా పాస్‌పోర్టు అసలుది వెంట ఉండాలి. రైలులో పోలీసులు తనిఖీ చేయడం మామూలే, ఫోనులో ఫొటో చూపితే సరిపోదు.

టెరెజీన్ వేరే కోవకు చెందిన ప్రయాణం. 1780లలో చక్రవర్తి రెండో జోసెఫ్ తన తల్లి మరియా థెరెసా పేర కట్టించిన కోట పట్టణం అది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నాజీలు దాన్ని యూదుల నిర్బంధ స్థలంగా మార్చారు. దాదాపు 33,000 మంది అక్కడే ప్రాణాలు విడిచారు, ఇంకా ఎన్నో వేలమందిని అక్కడి నుంచి మృత్యు శిబిరాలకు తరలించారు. హోలెషోవిత్సె స్టేషను నుంచి బస్సులో సుమారు గంట. నాజీలు జైలుగా వాడిన ‘చిన్న కోట’లోని గదుల్లో వెచ్చదనం ఉండదు, నడక అంతా ఆరుబయటే. ఉదయం ముందు చిన్న కోట చూసి, తరువాత పట్టణంలోని ఘెట్టో (యూదులను నిర్బంధించిన పేట) మ్యూజియంకు వెళ్లండి. అదే రోజు సాయంత్రం క్రిస్మస్ బజారు పెట్టుకోవద్దని నా మనవి. అక్కడ చూసినదానికి కాస్త నిశ్శబ్దం అవసరం. టెరెజీన్ పిల్లలు గీసిన బొమ్మలు ప్రాగ్‌లోని పింకాస్ యూదు ప్రార్థనా మందిరంలో ఉన్నాయి, వాటిని ముందురోజే చూసి వెళితే ఆ గోడల మధ్య నడక వేరుగా ఉంటుంది. ఆ మందిరం శనివారం మూసి ఉంటుంది. చిన్నపిల్లలతో ఈ ప్రయాణం వద్దు.

వర్షమో, ఈదురుగాలో తప్పదని తేలిన రోజుకు పిల్జెన్‌ను అట్టిపెట్టుకోండి. గంటన్నర లోపు రైలు ప్రయాణం, 1842 నాటి బీరు తయారీశాల సందర్శన అంతా లోపలే. అక్కడి భూగర్భ మార్గాలు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి కాబట్టి కోటు విప్పకండి.

నాలుగో మెట్టు: టికెట్లు, స్టేషన్లు

చెక్ దేశంలోని రైళ్లు, బస్సులు అన్నిటినీ కలిపి చూపే ఐడోస్ అనే వెబ్‌సైటు, యాప్ ఉన్నాయి. రైలు టికెట్లకు చెక్ రైల్వేల సొంత యాప్ బాగా పనిచేస్తుంది. కుట్నా హోరా, కార్ల్‌ష్టైన్ వంటి దగ్గరి ఊళ్లకు ముందుగా కొననవసరం లేదు. వాతావరణం చూసుకుని ఉదయాన్నే నిర్ణయించుకోవచ్చు. డ్రెస్డెన్ చౌక టికెట్లు ముందుగా కొంటేనే దొరుకుతాయి, వాటిలో చాలావరకు ఫలానా రైలుకే చెల్లుతాయి. ప్రాగ్ నగర పాసు ఊరి పరిధి వరకే. దాన్ని పట్టుకుని కార్ల్‌ష్టైన్ రైలు ఎక్కితే జరిమానా తప్పదు.

మూడు స్టేషన్ల పేర్లు కలగలిపి పోతుంటాయి. రైళ్లలో ఎక్కువ భాగం ప్రధాన స్టేషను నుంచి, కార్లోవీ వారీ బస్సులు ఫ్లోరెంత్స్ నుంచి, టెరెజీన్ బస్సులు హోలెషోవిత్సె నుంచి. మూడూ మెట్రో సి లైను మీదే ఉన్నాయి, ఎర్ర రంగుతో గుర్తు పెట్టుకోవచ్చు. ప్రధాన స్టేషనులో ప్లాట్‌ఫారం సంఖ్య రైలు బయలుదేరడానికి కాసేపటి ముందే బోర్డు మీద పడుతుంది. అందాకా కింది హాలులో వెచ్చగా నిలబడి, సంఖ్య పడగానే కదలండి. బోర్డులో ప్లాట్‌ఫారం సంఖ్య, పట్టాల సంఖ్య రెండూ ఉంటాయి, కంగారులో ఒకదాన్ని ఇంకొకటిగా చదవకండి.

రైలు తలుపులు వాటంతట అవి తెరుచుకోవు. వేడి బయటికి పోకుండా, ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు తలుపు మీది బొత్తాం నొక్కితేనే తెరుచుకుంటాయి. చిన్న స్టేషన్లలో తలుపు తెరుచుకుంటుందని ఎదురుచూస్తూ నిలబడిపోతే రైలు కదిలిపోతుంది. మరుగుదొడ్లకు చిల్లర నాణేలు దగ్గర ఉంచుకోండి.

ఐదో మెట్టు: ఒంటి మీద ఏమి ఉండాలి

జనవరిలో ప్రాగ్ సగటు ఉష్ణోగ్రత సున్నా చుట్టుపక్కలే. కొన్ని రోజులు మైనస్ 10కి కూడా పడిపోవచ్చు. అంకె కన్నా గాలి, తేమ ఎక్కువ ఇబ్బంది పెడతాయి. ఒకే పెద్ద కోటు మీద ఆధారపడకండి. రైళ్లు, హోటళ్లు బాగా వెచ్చగా ఉంటాయి, అక్కడ విప్పుకోవడానికి వీలుగా పొరలు పొరలుగా వేసుకోవాలి. ఒంటికి ఆనే పొర నూలు బట్ట కాకుండా ఉన్నిదో, థర్మల్‌దో అయితే మేలు. మెట్లెక్కినప్పుడు పట్టిన చెమటను నూలు పీల్చుకుని అలాగే తడిగా ఉంటుంది, ఆగగానే చలి అక్కడి నుంచే మొదలవుతుంది. పైపొర గాలిని ఆపేదై ఉండాలి.

అన్నిటికన్నా డబ్బు పెట్టదగినది చెప్పుల దుకాణంలోనే. ఈ ఊళ్లన్నిటా రాతి పలకలు పరిచిన వీధులే, నున్నగా అరిగిపోయి ఉంటాయి. మంచు కురిసినప్పటి కన్నా, వాన పడి రాత్రికి గడ్డకట్టిన ఉదయమే ఎక్కువమంది జారిపడతారు. అట్టలో గాడులున్న బూట్లు, వాటిలో వేలు కదిలే చోటు ఉండాలి. రెండు జతల మేజోళ్లు బిగించి తొడిగితే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే బూట్ల కింద తొడిగే ముళ్ల పట్టీలు కొనండి. ఫోను లోపలి జేబులో, ఒంటి వేడి తగిలే చోట ఉంచుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, టికెట్టు అందులోనే ఉంటుంది.

ఆరో మెట్టు: కడుపు సంగతి

పని దినాల్లో మధ్యాహ్నం 11 నుంచి 2 దాకా చాలా హోటళ్లలో ఆ రోజు భోజనం అని తక్కువ ధరకు ఒక పట్టిక పెడతారు. ముందు సూప్ వస్తుంది. చలిలో తిరిగి వచ్చినవాళ్లకు చెస్నెచ్కా అనే వెల్లుల్లి సూప్‌ను మించినది లేదు. శాకాహారులు ఒక మాట అడగాలి: సూప్ నీళ్లతో చేశారా, మాంసం మరిగించిన రసంతోనా? కూరగాయల సూప్ అని రాసి ఉన్నా రసం మాంసానిది కావచ్చు. వేయించిన జున్ను, బంగాళాదుంపలు దాదాపు ప్రతి చోటా దొరుకుతాయి. ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వెళ్లడం మనవాళ్లకు అలవాటే కానీ ఈ చలికి అన్నం బిరుసెక్కిపోతుంది. చపాతీల్లో పొడి, నెయ్యి రాసి చుట్టుకుంటే నయం. ఫ్లాస్కులో వేడి నీళ్లు మరవద్దు.

ఏడో మెట్టు: ఒక రోజును అమర్చి చూపితే, కుట్నా హోరా

మధ్యయుగంలో వెండి గనుల వల్ల ఈ ఊరు బొహీమియాలో (నేటి చెక్ దేశపు పశ్చిమ భాగం) ప్రాగ్ తరువాతి స్థానంలో ఉండేది. రెండో వాత్స్లావ్ రాజు 1300లో ప్రాగ్ గ్రోషెన్ అనే వెండి నాణెం ముద్రణను ఇక్కడే మొదలుపెట్టించాడు. అందుకు ఇటలీ నిపుణులను రప్పించాడు, ఆ టంకశాల పేరు ఇప్పటికీ ఇటాలియన్ కోర్టు. 1995 నుంచి ఇది యునెస్కో జాబితాలో ఉంది.

ఎనిమిది గంటల ప్రాంతంలో ప్రధాన స్టేషనులో రైలు ఎక్కితే తొమ్మిదికి కుట్నా హోరా ప్రధాన స్టేషనులో దిగుతారు. పాత పట్టణం అక్కడికి దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. తొందరపడి అటు వెళ్లకండి. స్టేషనుకు పావుగంట నడకలో సెడ్లెత్స్ అనే పేట ఉంది, ముందు అదే చూడాలి. ప్రాగ్ నుంచి పర్యాటక బృందాలు పదిన్నర తరువాత దిగుతాయి, వాళ్లకన్నా ముందు మీరు లోపల ఉండాలి.

ఇక్కడి ఎముకల మందిరంలో కనీసం 40,000 మంది అస్థికలు ఉన్నాయని చెబుతారు. 1278లో ఒక మఠాధిపతి జెరూసలేం నుంచి యేసును శిలువ వేసిన గోల్గోతా కొండ మట్టి తెచ్చి చల్లాడని, అప్పటి నుంచి అక్కడ సమాధి కావాలని జనం కోరుకున్నారని కథనం. 14వ శతాబ్దపు ప్లేగు, తరువాతి హుస్సైట్ మతయుద్ధాలు శ్మశానాన్ని నింపేశాయి. 1870లో ఫ్రాంటిషెక్ రింట్ అనే చెక్కపని నిపుణుడు ఆ ఎముకలతో దీపగుచ్ఛం, ష్వార్జెన్‌బర్గ్ అనే ప్రభువంశపు చిహ్నం అమర్చాడు. తన పేరు కూడా మెట్ల దగ్గరి గోడ మీద ఎముకలతోనే రాసుకున్నాడు. లోపల ఫొటోలు తీయడం 2020 నుంచి నిషేధం, అది మంచిదే. ప్రవేశ టికెట్టు మందిరం గుమ్మంలో అమ్మరు, దగ్గరలోని సమాచార కేంద్రంలో కొనాలి. ఎముకల మందిరం, పక్కనున్న పెద్ద చర్చి, పట్టణంలోని సెయింట్ బార్బరా చర్చి మూడింటికీ కలిపిన టికెట్టు తీసుకోండి.

సెడ్లెత్స్ నుంచి పట్టణానికి నడిచే దారిలో చూడటానికేమీ లేదు, కాళ్ల ఓపిక దాచుకుని బస్సు ఎక్కండి. పదకొండున్నరకే భోజనానికి కూర్చుంటే చోటు దొరుకుతుంది. తరువాత ఇటాలియన్ కోర్టు చూసి, రెండు గంటలకల్లా సెయింట్ బార్బరా చర్చికి చేరాలి. ఆ సమయానికి ప్రత్యేక కారణం ఉంది. ఎండ కాస్తే, నైరుతిలో కిందుగా ఉన్న సూర్యుడి వెలుతురు దక్షిణపు కిటికీల్లోంచి వాలుగా లోపలి రాతి స్తంభాల మీద పడుతుంది. వేసవి మధ్యాహ్నం సూర్యుడు బాగా ఎత్తున ఉంటాడు, ఇంత వాలు వెలుతురు రాదు.

గని కార్మికుల రక్షకురాలిగా కొలిచే పునీతురాలు బార్బరా పేర 1388లో మొదలైన ఈ చర్చి పూర్తయినది 1905లో. లోపల తెల్ల అంగీ తొడుక్కున్న గని కార్మికుడి విగ్రహం ఉంది, గోడల మీద నాణేలు ముద్రిస్తున్న పనివాళ్ల చిత్రాలున్నాయి. పై కప్పు చూసి వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. ఈ రెండింటి దగ్గర మాత్రం ఆగండి. రాజుల మందిరాల్లో సుత్తి పట్టిన మనిషికి ఇంత చోటు దొరకడం అరుదు. బార్బరా పండగ డిసెంబరు 4. ఆ రోజు చెక్ ఇళ్లల్లో చెర్రీ కొమ్మను కోసి నీళ్లలో పెడతారు, అది క్రిస్మస్‌కు పూస్తుంది.

మూడు గంటలకు బయటికి వచ్చి, చర్చి పక్కన విగ్రహాల వరుస ఉన్న వీధిలోంచి లోయ మీదికి చూడండి. వెలుతురు తగ్గేలోగా ఊరి పైకప్పులన్నీ కనిపిస్తాయి. నేల జారుడుగా ఉన్నా, వాన పడుతున్నా అదే వీధిలోని పాత జెసూట్ (క్రైస్తవ సన్యాసుల) కళాశాల భవనంలో ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీ ఉంది, అందులోకి వెళ్లవచ్చు. పురాతన వెండి గనిలోకి దిగే సందర్శన చలికాలంలో ఉండదు కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోకండి. నాలుగున్నరకు వేడిగా ఏదైనా తాగి, పట్టణ స్టేషను నుంచి చిన్న రైలులో ప్రధాన స్టేషనుకు వచ్చి ప్రాగ్ రైలు అందుకుంటే ఆరున్నరకల్లా బసలో ఉంటారు. టికెట్టు కొనేటప్పుడే కుట్నా హోరా పట్టణ స్టేషను దాకా తీసుకుంటే ఈ చిన్న రైలుకూ అదే చెల్లుతుంది.

ముందురోజు రాత్రి

తిరుగు రైలు వేళ ఒక్కటే కాక, దాని తరువాతి రెండింటి వేళలు కూడా కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఆఖరి రైలును నమ్ముకుని ప్లాను వేయవద్దు, మంచు రోజుల్లో ఆలస్యాలు మామూలు. వాతావరణంలో ఉష్ణోగ్రతతో పాటు పొగమంచు సూచన కూడా చూడండి. పొగమంచు పట్టిన రోజున కొండ మీది కోటలు కనిపించనే కనిపించవు, కానీ చర్చి, మ్యూజియం, ఊటల ఊరు మామూలుగానే ఉంటాయి. అందుకని ప్రతి రోజుకూ రెండు ఊళ్లు సిద్ధంగా ఉంచుకుని, ఉదయం ఏడు గంటలకు కిటికీలోంచి ఆకాశం చూశాక ఒకదాన్ని ఖాయం చేసుకోండి.